ఎల్‌కేజీ పాపకి తెలుగు అక్షరాలు: ముందు గుర్తుపట్టించాలా, రాయించాలా?

కొండాపూర్_అమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పాపకి నాలుగున్నరేళ్లు, హైదరాబాద్‌లో ఎల్‌కేజీ. ఇంగ్లీషు క్యాపిటల్ లెటర్స్ అయిపోయి స్మాల్ లెటర్స్ నడుస్తున్నాయి, దసరా సెలవుల తర్వాత తెలుగు కూడా మొదలుపెట్టారు. రోజుకో అక్షరం, పేజీ నిండా రాసుకుని రావాలి. అ, ఆ ఎలాగో లాక్కొచ్చాం, ఇ దగ్గర బండి ఆగిపోయింది. రెండు వరసలు రాసేసరికి చెయ్యి నొప్పి అంటుంది, పెన్సిల్ పడేస్తుంది, ఇక ఏడుపు. నేను ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికే ఏడవుతుంది, అప్పుడు పుస్తకం తీస్తే ఇద్దరికీ టెన్షనే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. గోడ మీద చార్టు చూస్తూ అ నుంచి ఱ దాకా గడగడా చెప్పేస్తుంది. మధ్యలో ఏదో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే మాత్రం మళ్లీ అ దగ్గర మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ అక్కడికొచ్చి చెబుతుంది. అదే అక్షరం విడిగా కాగితం మీద రాసి చూపిస్తే బిక్కమొహం వేస్తుంది. అంటే తనకి అక్షరాలు వచ్చినట్టా రానట్టా?

మా అత్తగారు "రాస్తూ ఉంటే అవే వస్తాయి, మీరందరూ దిద్ది నేర్చుకున్నవాళ్లే కదా" అంటారు. మా వారేమో ఈ వయసులో రాతేంటి, వదిలెయ్ అంటారు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉన్నట్టే అనిపిస్తుంది. పిల్లలకి నేర్పినవాళ్లు, టీచర్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి. ఏ వరసలో నేర్పాలి, పలకా నోటుబుక్కా, ఇంగ్లీషు తెలుగు రెండూ ఒకేసారి అయితే గందరగోళం అవుతుందా, ఇవి నా సందేహాలు.

---

ఒకటో_తరగతి_టీచర్:

మేడమ్, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు చెబుతుంటాను. మీ పాపకి వచ్చింది వర్ణమాల, అక్షరాలు ఇంకా రాలేదు. ఇది తప్పేమీ కాదు, చార్టుతో మొదలైన పిల్లలు దాదాపు అందరూ ఇలాగే ఉంటారు. వరస ఒక పాటలా నోటికి వచ్చేస్తుంది, కంటికి ఆకారం పట్టుబడదు. ఇంకొందరు పిల్లలు చార్టులో బొమ్మని గుర్తుపెట్టుకుంటారు. ఇ చూపిస్తే "ఇల్లు" అంటారు, బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడితే ఇక తెలియదు. కాబట్టి బొమ్మ లేకుండా, వరస లేకుండా, ఎక్కడ కనిపించినా చెప్పగలిగితేనే ఆ అక్షరం వచ్చినట్టు లెక్క.

గుర్తుపట్టడం, రాయడం రెండూ వేరు వేరు పనులు. మొదటిది కంటికి, చెవికి సంబంధించింది, రెండోది వేళ్లకి. నాలుగున్నరేళ్ల పిల్లకి కన్ను, చెవి సిద్ధంగా ఉంటాయి, వేళ్లు చాలామందికి అప్పటికి తయారవవు. వేళ్లు వచ్చేదాకా కంటిని ఆపక్కర్లేదు, కన్ను ముందుకెళ్లింది కదా అని వేళ్లని తొందరపెట్టకూడదు. మీ అత్తగారి కాలంలో దిద్దించినది ఐదేళ్లు నిండిన పిల్లల చేత, అదీ పలక మీద. ఎల్‌కేజీలో సన్నగీతల నోటుబుక్కులో పేజీ నిండా రాయించడం వేరే సంగతి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు మొత్తాన్ని ఒకే పునాది దశ కింద పెట్టింది, ఒకటో తరగతికి ఆరేళ్లు అంది. అంటే మీ పాపకి ఇంకా బోలెడు టైముంది.

ఇక వరస. అ, ఆ, ఇ, ఈ తో రాత మొదలుపెడితే వచ్చే ఇబ్బంది ఏంటంటే, రాయడానికి కష్టమైనవే ముందొస్తాయి. ఇ ని ఒకసారి మీరే నెమ్మదిగా రాసి చూడండి, ఎన్ని మెలికలున్నాయో. మా క్లాసులో రాత సున్నాతో మొదలవుతుంది. సున్నా గుండ్రంగా వచ్చిన పిల్లకి దాని మీద తలకట్టు పెడితే ర, ఆ ర మధ్యలో చుక్క పెడితే ఠ. తర్వాత గ. ఆ తర్వాత ద. ద కింద నిలువు గీత పెడితే ధ, ధ లోపల చుక్క పెడితే థ. డ కింద గీత పెడితే ఢ. ఇలా ఆకారాల కుటుంబాలుగా వెళితే పిల్లలకి కొత్త అక్షరం వచ్చిన ప్రతిసారీ సగం ముందే తెలిసినట్టు ఉంటుంది. పిల్లలు బాగా తడబడేది ప, వ దగ్గర, న, స దగ్గర. వ కి, న కి తలకట్టు అక్షరానికి అంటుకుని ఉంటుంది, ప కి, స కి విడిగా పైన ఉంటుంది. ఈ ఒక్క తేడా వేలు పెట్టి చూపిస్తే చాలామందికి సందేహం అక్కడితో తీరిపోతుంది. మ, య ల గొడవ మాత్రం రెండో తరగతి దాకా ఉంటుంది, దానికి కంగారు పడకండి.

గుర్తుపట్టడానికి మాత్రం ఆకారం కంటే పదం ముఖ్యం. అ, ఆ, ల, వ, త, ట ఈ ఆరు తీసుకోండి. వీటితోనే అల, వల, తల, లత, ఆట వచ్చేస్తాయి. ఇంకో మూడు, క, ప, డ కలిపితే కల, వడ, పలక, పడవ, కడవ, అటక. ఒక్క గుణింతం గుర్తు కూడా రాకుండానే పిల్ల పదం చదివేస్తుంది. మా ఒకటో తరగతి పుస్తకం కూడా బొమ్మతో, పదంతో మొదలై అక్షరంలోకి వస్తుంది, వర్ణమాల వరసలో కాదు. ఒక పిల్లాడు మా బడిలో నెలల తరబడి నోరు విప్పలేదు, నల్లబల్ల మీద "వడ" అని రాస్తే తనే గట్టిగా చదివి, మధ్యాహ్న భోజనంలో వడలు పెడతారేమో అనుకుని వంటావిడ దగ్గరికి పరుగెత్తాడు. చదివితే అర్థం వస్తుందని ఆ వయసులోనే తెలియడం చాలా పెద్ద విషయం, యాభై ఆరు అక్షరాలూ పూర్తయ్యే దాకా దాన్ని వాయిదా వెయ్యకండి.

ఇంగ్లీషు, తెలుగు ఒకేసారి చదవడం వల్ల గందరగోళం పెద్దగా ఉండదు, ఆకారాలు అంత వేరుగా ఉంటాయి కనుక. రెండూ ఒకేసారి పేజీల కొద్దీ రాయించడం వల్లే అలసిపోతారు.

---

చిన్నారి_చేతులు:

నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రాయడం లాంటి రోజువారీ పనులు పిల్లలకి అలవాటు చేయిస్తుంటాను. టీచర్ గారు చెప్పినదానికి చేతి వైపు నుంచి కొంచెం కలుపుతాను.

చెయ్యి నొప్పి అని పాప చెబుతున్నది సాకు కాదండీ, నమ్మండి. ఈ వయసులో చాలామంది పిల్లలు పెన్సిల్‌ని వేళ్లతో నడపలేరు, మణికట్టు, మోచెయ్యి, ఒక్కోసారి భుజం మొత్తం కదిలిస్తారు. చిన్న గడిలో అక్షరం ఇరికించాలంటే వేళ్ల చివర్లు కదలాలి. అది రాకపోతే పిల్ల గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, నొప్పి అక్కడి నుంచే. పాప రాసేటప్పుడు వెనక పేజీ మీద చెయ్యి పెట్టి చూడండి, గీతలు ఉబ్బెత్తుగా తగిలితే అదే సంగతి.

పిల్లలు గీసే ఆకారాలకి ఒక క్రమం ఉంటుంది. ముందు నిలువు గీత, తర్వాత అడ్డగీత, సుమారు మూడేళ్లకి గుండ్రం, నాలుగు దగ్గరికి కూడిక గుర్తు, ఆ తర్వాత చదరం, ఐదు దాటాక త్రిభుజం. అందరికీ కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు. తెలుగుకి ఇందులో మేలేంటంటే మన అక్షరాల్లో గుండ్రాలే ఎక్కువ, మూలలు తక్కువ. కష్టం ఏంటంటే గుండ్రం మధ్యలో దిశ మారుతుంది, లోపలికి తిరిగి మళ్లీ బయటికి రావాలి. దానికి మన ఇళ్లలో ఉన్న అభ్యాసం ముగ్గు. చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గు చాక్‌పీసుతో నేల మీద వేయించండి, రెండు చుక్కలతో మొదలుపెట్టి. ఏ వర్క్‌బుక్కులోనూ అంత మంచి ప్రీరైటింగ్, అంటే రాతకి ముందు చేసే సాధన, నేను చూడలేదు. చపాతీ పిండి చిన్న ఉండలు చెయ్యడం, పల్లీలు వలవడం, బట్టల క్లిప్పులు దండేనికి పెట్టడం, ఇవన్నీ రాతకి సంబంధించిన పనులే. వంటింట్లో మీరు పని చేసుకుంటుండగా అయిపోతాయి, ఏడు గంటలకి వేరే కూర్చోబెట్టక్కర్లేదు.

కొత్త పొడుగు పెన్సిల్ ఇవ్వకండి. బలపం ముక్కో, విరిగిన క్రేయానో, బొటనవేలంత ముక్క ఇస్తే దాన్ని పిడికిలితో పట్టుకోవడానికి చోటుండదు, మూడు వేళ్లు వాటంతటవే వచ్చి పట్టుకుంటాయి. పట్టు సరిచెయ్యాలని వేళ్లు లాగి పెట్టకండి, ముక్క చిన్నదైతే చాలు. గోడకి ఖాళీ చార్టు పేపరు అంటించి నిలబడి గీయనివ్వండి, నిలువు పలక మీద మణికట్టు సరైన వంపులో ఉంటుంది. ఎడమ చెయ్యి అయితే మార్చే ప్రయత్నం అసలు వద్దు, కుడి చేతికి మార్చమని ఇప్పటికీ ఇళ్లల్లో ఒత్తిడి చేస్తుంటారు కాబట్టి చెబుతున్నాను. అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి రాసినా ఆరేడేళ్ల దాకా మామూలే. ఇంకా ఏదైనా అనుమానం ఉంటే కంటి పరీక్ష ఒకసారి చేయించండి, చాలామంది అది మర్చిపోతారు.

---

డాలస్_నాన్న:

టీచర్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, వర్ణమాల వరసని మరీ పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. మా బాబు ఇక్కడే పుట్టాడు, ఆరేళ్లు, ఇంట్లో మేం తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. వాడికి ఆకారం అసలు సమస్య కాదు, చెవి సమస్య. త కి, ట కి తేడా ఆనేది కాదు, ల కి, ళ కి అంతే, కల అన్నా కళ అన్నా ఒకటే. అప్పుడు మాకు పనికొచ్చింది వర్ణమాల వరసే. క వర్గం గొంతు దగ్గర, చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక వెనక్కి మడిచి, త వర్గం పళ్లకి ఆనించి, ప వర్గం పెదాలతో. అద్దం ముందు ఇద్దరం నిలబడి ట, త, ప అనుకుంటూ నాలుక ఎక్కడుందో వాడే చూసుకుని చెప్పేవాడు. ఆ వరస ఎందుకలా ఉందో తెలిస్తే అది బట్టీ కాదు కదా, నోటికి మ్యాప్ లాంటిది.

క, ఖ తేడాకి అరచెయ్యి నోటి ముందు పెట్టించండి, ఖ అన్నప్పుడు గాలి తగులుతుంది. అది దొరికాక వాడు ఇంట్లో ప్రతి దానికీ ఒత్తు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు, చాలా ముచ్చటేసింది.

అక్షరాలన్నీ పూర్తయ్యే దాకా ఆగక్కర్లేదన్న మాటలో మాత్రం టీచర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఌ, ౡ, ఙ, ఞ ఈ వయసు పిల్లలకి అనవసరం. చార్టులో గడి ఉంది కదా అని చెప్పించి రాయించేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఆ సమయంలో ఇంకో పది పదాలు చదువుకోవచ్చు.

---

ఒకటో_తరగతి_టీచర్:

సార్, మీరు చెప్పిన సందర్భంలో అది సరైన పద్ధతే. పలకడానికి వర్ణమాల, చదవడానికి పదాలు, రాయడానికి ఆకారాలు, మూడిటికీ మూడు వరసలు పెట్టుకున్నా ఇబ్బంది లేదు. నా అభ్యంతరం మూడిటికీ ఒకే వరస పెట్టి, అ రాయడం పూర్తయ్యేదాకా క చూపించకపోవడం మీద. ఇక్కడి పిల్లలకి ట, త చెవిలో పుట్టుకతోనే ఉంటాయి, అది వాళ్ల అదృష్టం. ణ, ళ మాత్రం పదం మొదట్లో రావు కాబట్టి మాకూ చిక్కే, అందుకే వీణ, తాళం అని చివర్లో వినిపిస్తాం.

---

గోదావరి_గట్టు:

అమ్మాయ్, నేను రిటైరైన తెలుగు పండితురాలిని, ఇప్పుడు మనవడికి నేర్పుతున్నాను. మీ అత్తగారి మాటని అందరూ కొట్టిపారేస్తున్నట్టుంది, ఆవిడ తరఫున నేను మాట్లాడతాను. దిద్దడంలో బలం ఉంది. ఒక అక్షరాన్ని పేజీ నిండా నకలు చెయ్యడం వేరు, పలకంత పెద్ద అక్షరాన్ని ఒకదాని మీదే మళ్లీ మళ్లీ దిద్దడం వేరు. నకలు చేసే పిల్ల మొదటి వరస బాగా రాస్తుంది, తర్వాత పైన తను రాసిన దాన్ని చూసి రాస్తుంది, కిందికి పోయేకొద్దీ అక్షరం చెడిపోతుంది, చివరి వరసలో వంకరటింకరగా ఉన్నదే చేతికి అలవాటవుతుంది. దిద్దే పిల్ల ప్రతిసారీ మంచి అక్షరం మీదే పోతుంది. పలక మీద తుడిస్తే తప్పు కూడా మిగలదు.

అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తాం కదా. బాసర వెళ్లి వసంత పంచమి నాడు చేయించుకొచ్చి, మర్నాటి నుంచి ఆ పళ్లెం మళ్లీ తియ్యరు. నేనైతే దాన్ని రోజూ తీస్తాను. బియ్యం కంటే బొంబాయి రవ్వ నయం, గీత స్పష్టంగా పడుతుంది. వేలితో రాస్తూ ఆ శబ్దం పైకి అనాలి, "ర" అంటూ ర రాయాలి, నోరు మూసుకుని రాస్తే అది బొమ్మ గీయడమే. పక్కన కూర్చుని ఎటు మొదలుపెట్టి ఎటు తిప్పుతోందో చూడండి, తలకట్టు ముందే పెట్టేసి కింద అక్షరం వేలాడదీసే పిల్లలుంటారు, ఆ అలవాటు పడితే తర్వాత మానిపించడం కష్టం. ఫోన్లో దిద్దే యాప్‌లు వద్దంటాను, నున్నటి అద్దం మీద వేలు జారిపోతుంది, బలపం గీసుకునే స్పర్శ ఉండదు.

ఎంతసేపు అని అడుగుతారేమో. ఒక మంచి అక్షరం వచ్చిందనుకోండి, అక్కడ ఆపేసి పలక దాచెయ్యండి. ఇంకోటి ఇంకోటి అని రాయిస్తే ఆ మంచిది కాస్తా పోతుంది.

గుణింతాలకి వచ్చినప్పుడు మాత్రం ఒక సూత్రం ముందే చెప్పండి. దీర్ఘం, గుడి, ఎత్వం, ఒత్వం ఇవి వస్తే తలకట్టు వెళ్లిపోతుంది, కొమ్ము, సున్నా వస్తే తలకట్టు అలాగే ఉంటుంది. క, కా, కి, కు రాసి చూపిస్తే కనిపిస్తుంది. ఇది చెప్పకుండా ప్రతి గుణింతాన్నీ కొత్త బొమ్మలా బట్టీ వేయిస్తారు, పిల్లలు అక్కడ విసిగిపోతారు. ఇంకోటి, వ కి కొమ్ము కిందకి ఎందుకు పెడతామని మనవడు అడిగాడు. మామూలుగా పక్కన పెడితే అది మ అయిపోతుంది కదా అన్నాను. వెంటనే రెండూ పక్కపక్కన రాసుకుని చూసుకున్నాడు. పిల్లలకి కారణం చెబితే అర్థం చేసుకుంటారు.

---

కొండాపూర్_అమ్మ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్సండీ. వెనక పేజీ తడిమి చూశాను, గీతలన్నీ గట్టిగా చేతికి తగులుతున్నాయి. బలపం ముక్కలు తెచ్చాం. అత్తయ్యగారికి పెద్దావిడ రాసినది చదివి వినిపిస్తే, రవ్వ పళ్లెం పని తను చూసుకుంటానన్నారు, పగలు పాప ఆవిడ దగ్గరే ఉంటుంది.

స్కూల్ సంగతే తేలలేదు. పేజీ నిండకపోతే నోటుబుక్కులో "ఇన్‌కంప్లీట్" అని ఎర్ర ఇంకుతో రాస్తున్నారు, పాప అది చూసి స్కూలుకి వెళ్లనంటోంది. టీచర్‌తో ఎలా మాట్లాడాలి? ఇంకా, ఇలా నెమ్మదిగా వెళితే యూకేజీలో వెనకబడదా?

---

ఒకటో_తరగతి_టీచర్:

వెనకబడటం గురించి ముందు చెబుతాను. మన లిపిలో అక్షరం, గుణింతం, ఒత్తు అన్నీ కలిస్తే కొన్ని వందల ఆకారాలవుతాయి, ఇరవై ఆరు అక్షరాల ఇంగ్లీషుతో పోలిక పెట్టుకోకూడదు. మనకి అక్కచెల్లెళ్ల లాంటి కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద పరిశోధకురాలు సోనాలీ నాగ్ గారి అధ్యయనం 2007లో వచ్చింది, అక్షరాల మీద పట్టు రావడం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉందని అందులో తేలింది. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చెయ్యాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా అర్థం చేసుకుని చదవడానికి మూడో తరగతి చివరిని గడువుగా పెట్టుకుంది. ఎల్‌కేజీలో ఇ పేజీ నిండకపోతే పోయేదేమీ లేదు.

స్కూలుకి వెళ్లినప్పుడు పాపని పక్కన పెట్టుకుని మాట్లాడకండి. క్లాస్ టీచర్ మీద కంప్లైంటులా కూడా వద్దు, ఆవిడకి పైనుంచి నోటుబుక్కు నింపమనే ఒత్తిడి ఉంటుంది, కరెక్షన్ చెయ్యాల్సినవి ముప్పై నలభై ఉంటాయి. "ఒక వరస శ్రద్ధగా రాయిస్తాను, మిగతా పేజీలో ఆ అక్షరంతో వచ్చే బొమ్మలు వేయిస్తాను, ఎర్ర ఇంకు రాత మాత్రం నా డైరీలో రాయండి, పాప బుక్కులో వద్దు" అని అడగండి. మామూలుగా ఒప్పుకుంటారు, పేజీ ఖాళీగా కనిపించకపోతే వాళ్లకీ చాలు. ఒప్పుకోకపోతే ప్రిన్సిపాల్‌ని అడగండి, ఈ వయసు పిల్లలకి ఆట, మాట ద్వారా నేర్పాలని 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రంలోనే ఉంది, దాని పేరు చెప్పి అడిగితే కాదనడం కష్టం.

ఇంట్లో మాత్రం ఇ ని ఇప్పటికి చూసి చెప్పడం వరకే ఉంచండి. రాతకి సున్నా, ర, గ. అవి రవ్వలో నున్నగా వస్తున్నాయంటే ద, డ కి వెళ్లండి, ఇ సంగతి యూకేజీలో చూసుకోవచ్చు.